ధీరవర్మను వార్డులో చేర్చుకున్న విధం

జిల్లా ఆసుపత్రిలో రోగి చనిపోతే సమీక్ష జరుగుతుంది. బతికితే జరగదు. ఎందుకు బతికావని నిలదీసే కమిటీని ఇంతవరకు ఎవరూ వేయలేదు. ఈ కథ జరిగిన ఆసుపత్రి సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక జిల్లా కేంద్రంలో ఉంది. ఊరి పేరు చెబితే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు. చెప్పకపోతే ప్రతి జిల్లావాళ్లూ మా గురించే రాశారనుకుంటారు. రెండోదే నయం.

ఆ ఆసుపత్రిలో ఎస్తేరురాణి ఫిజియోథెరపిస్టు. పడిపోయిన కాళ్లను లేపడం, బిగుసుకుపోయిన చేతులను వంచడం ఆమె పని. ఆమెకు ఒక వ్యసనం ఉంది, దాన్ని ఎప్పుడూ దాచుకోలేదు కూడా. బస్సులోనూ, భోజనాల వేళలోనూ ఫోన్‌లో వీడియో గేములు ఆడుతుంది. వాటిలో 'ఏడువాకిళ్ల కోట' అంటే ప్రాణం. ధీరవర్మ అనే యోధుడు కందకాలు దాటుకుంటూ, మొసళ్లను తప్పించుకుంటూ ఏడు వాకిళ్లూ దాటాలి. ఎస్తేరు అతన్ని రెండుసార్లు ఏడో వాకిలి దాటించింది. తోటి ఉద్యోగులు సీరియళ్ల గురించి మాట్లాడుకుంటుంటే ఆమె మొసళ్ల గురించి ఆలోచించేది.

ఆడవాళ్ల వార్డులో నూకరత్నం అనే చేపల వ్యాపారి ఉంది. పక్షవాతంతో ఎడమ కాలు మాట వినడం మానేసింది. మార్కెట్లో ఆమెకు ఒక కొట్టు ఉంది. వినాయక చవితి వెళ్లాక ఆ కొట్ల కేటాయింపు మళ్లీ జరుగుతుంది. ఎప్పుడో పోయినవాళ్ల పేర్లమీద బంధువులు కొట్లు నడుపుతున్నారని తేలడంతో, కొట్టు కావలసినవాళ్లు తమ కాళ్లమీద నడిచి వచ్చి సంతకం పెట్టాలని మార్కెట్ కమిటీ తీర్మానించింది. నడవలేకపోతే కొట్టు ఇంకొకరికి పోతుంది. నూకరత్నానికి ముందూ వెనకా ఎవరూ లేరు. కొట్టు పోతే ఆమెకు ఇంకేమీ లేదు.

ఒక మధ్యాహ్నం ఎస్తేరు ఆమె మంచం పక్క కిటికీ దగ్గర కూర్చుని గేము ఆడుకుంటోంది. ధీరవర్మ మొదటి వాకిలి వైపు నడుస్తున్నాడు. అతను నడుస్తున్నంతసేపూ వెనకాల నెమ్మదిగా డోలు, దాని మీద ఫిడేలు వినిపిస్తాయి. ఉన్నట్టుండి దుప్పటి కింద నూకరత్నం ఎడమ పాదం కదిలింది.

"రాణమ్మగారండీ, అదేం పాటండి? నా కాలు దానంతటదే లెగుతుంది, సూడండి!"

ఎస్తేరు చూసింది. పాదం డోలు దెబ్బకు సరిగ్గా లేస్తోంది. ఫోను పక్కన పెట్టగానే ధీరవర్మ ఆగాడు, పాట ఆగింది, పాదమూ ఆగింది.

ఎస్తేరుకు ఆనందం పట్టలేక అప్పటికప్పుడు ఆమెను లేపి నిలబెట్టింది. చిక్కంతా అక్కడే వచ్చింది. రోగిని పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి, ధీరవర్మను నడిపించడానికి ఒకటైనా కావాలి. రోగిని గట్టిగా పట్టుకుంటే ధీరవర్మ నిలబడిపోతాడు. చూడకుండా బొటనవేలితో ధీరవర్మను తోస్తే నేరుగా కందకంలో దిగుతాడు. మొసలి బుసకొట్టేసరికి నూకరత్నం "అయిబాబోయ్" అని నేలమీద చతికిలబడుతుంది. ఇలా రెండు మూడు రోజులు ముగ్గురూ అవస్థపడ్డారు.

దీనికి విరుగుడు ఎస్తేరుకు తెలుసు. గేములో పాటల్ని గేము లేకుండా విడిగా ఆల్బమ్‌గా అమ్ముతారు. అది ఉంటే యోధుడు అక్కర్లేదు, మొసలి అక్కర్లేదు, డోలు మాత్రం ఆగకుండా మోగుతుంది. వెల కూడా బయట రెండు దోసెలు తిన్నంత. తన డబ్బుతో కొనేస్తానంది. స్టోర్స్ సూపరింటెండెంట్ పేర్రాజు ఒప్పుకోలేదు.

పేర్రాజు స్టోర్స్‌లో దూది మొదలుకుని స్కానింగ్ యంత్రం దాకా అన్నింటికీ సంతకం పెట్టే మనిషి. మామూలు మాటలు మాట్లాడితే హోదా తగ్గుతుందని ఆయన నమ్మకం.

"మేడమ్, వార్డులో ఉన్నంతకాలం రోగి కాలు ప్రభుత్వ సంరక్షణలో ఉన్న కాలు. దానికి ప్రైవేటు సంగీతం వినిపించడం నిబంధనలకు విరుద్ధం. మీరు ఇండెంటు పెట్టండి."

ఎస్తేరు కావలసిన సామగ్రి పేరు, వెల రాసి ఇండెంటు పెట్టింది. పేర్రాజు దాన్ని కళ్లజోడు పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి చదివాడు.

"ఇందులో ప్రాథమిక లోపం ఉంది మేడమ్. మీరు అడుగుతున్నది అనుబంధ సామగ్రి. మూల సామగ్రి లేకుండా అనుబంధ సామగ్రి కొనరాదు. గతంలో సూదులు లేకుండా సిరంజీలు కొన్నాం. ఆ ఆడిట్ అభ్యంతరానికి నేటికీ సమాధానం రాస్తున్నాను."

"పేర్రాజుగారూ, ఆ పాట వినడానికి గేము అక్కర్లేదండీ. పాట పాటే."

"సూది లేకుండా సిరంజీ కూడా సిరంజీయే మేడమ్. ఆడిట్‌వారు ఒప్పుకున్నారా?"

 అలా గేము కొనాలని నిర్ణయమైంది. ఆసుపత్రిది గనక ఫోన్‌లో ఆడే గేము చిన్నతనంగా ఉంటుందని, గోడంత టీవీ, దానికి తగ్గ యంత్రం తెప్పించారు. యంత్రం వేడెక్కకుండా ఏసీ కావాలన్నారు. ఏసీ పెట్టడానికి తలుపులు సరిగా మూసుకునే గది ఆసుపత్రి మొత్తంలో ఒక్కటే ఉంది, అది ఫిజియోథెరపీ గది. పట్టుకుని నడిచే కడ్డీలను తీసి సైకిల్ స్టాండులో పెట్టారు. నూకరత్నం స్కూటర్ల మధ్య ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో ఎవరిదో సీటు పట్టుకుని నిలబడడం నేర్చుకుంది. నడవడం మాత్రం రాలేదు.

"యంత్రం వచ్చింది కదండీ, ఇక ఆల్బమ్ తెప్పించండి. కేటాయింపు దగ్గరపడుతోంది" అని ఎస్తేరు స్టోర్స్‌కు పరిగెత్తింది.

"తొందర పనికిరాదు మేడమ్. ముందు పనితీరు ధ్రువీకరణ జరగాలి."

ఇదీ ఒక పాత గాయమే. ఒకప్పుడు స్కానింగ్ యంత్రం వస్తే అట్టపెట్టె చూసి బాగుందని సంతకాలు పెట్టారు. పెట్టెలో యంత్రం లేదు. అప్పటినుంచి ఏ యంత్రాన్నయినా మొదటినుంచి చివరిదాకా నడిపి చూశాకే ధ్రువీకరించాలని ఆదేశం వచ్చింది. గేముకు చివర అంటే ఏడో వాకిలి. కాబట్టి కమిటీ ఏడో వాకిలి దాటాలి.

"నేను రెండుసార్లు దాటానండీ, సాయంత్రంలోగా దాటించేస్తాను" అంది ఎస్తేరు.

"మీరు కొనుగోలు కోరినవారు. కోరినవారే ధ్రువీకరిస్తే నిష్పక్షపాతానికి భంగం" అన్నాడు పేర్రాజు.

కమిటీకి అధ్యక్షుడు ఆసుపత్రి సూపరింటెండెంట్ డాక్టర్ భుజంగరావు. ఎముకల వైద్యంలో చెయ్యి తిరిగినవాడు, వీడియో గేము ఎప్పుడూ చూడలేదు. సోఫాలో కూర్చుని, చేతులు శుభ్రంగా కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని గేము ఆడించే మీటలు పట్టుకున్నాడు. ధీరవర్మ ఠీవిగా నాలుగు అడుగులు వేసి, డాక్టరుగారి చేతి చలవవల్ల తిన్నగా కందకంలో దిగాడు. మొసలి చేయవలసింది చేసింది. గోడంత తెరమీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి. 'ధీరవర్మ మరణించాడు.'

 భుజంగరావు అలవాటుకొద్దీ గోడ గడియారం చూసి మరణ సమయం చెప్పాడు. పక్కనున్న నర్సు అలవాటుకొద్దీ రాసుకుంది. పేర్రాజు మెల్లగా లేచి నిలబడ్డాడు.

"సర్, సదరు మరణం ఆసుపత్రి ఆవరణలో, వైద్యుల సమక్షంలో సంభవించింది. మరణ సమీక్ష అనివార్యం."

"అది బొమ్మ కదండీ!" అంది ఎస్తేరు.

"ఆవరణలో జరిగిన ప్రతి మరణం అని ఉంది మేడమ్. బొమ్మలకు మినహాయింపు ఇచ్చినట్టు ఎక్కడా లేదు. కొనుగోలు ప్రభుత్వ నిధులతో జరిగింది గనక, పోయినవారు కూడా ప్రభుత్వం తాలూకే."

భుజంగరావు మంచివాడే. అయితే లేని మరణానికి సమీక్ష జరిపినందుకు ఎవరికీ మెమో రాలేదని, ఉన్న మరణానికి జరపనందుకు వస్తుందని ఇరవయ్యేళ్ల సర్వీసు ఆయనకు నేర్పింది. సమీక్ష పెట్టించాడు. మరణ కారణం మునక, తదుపరి మొసలి కాటు. డ్యూటీ డాక్టరును సంజాయిషీ అడిగారు. మొసలి కాటుకు మందు స్టాకులో లేదని తేలడంతో పేర్రాజు ముఖం కూడా కాస్త పాలిపోయింది.

ఇంతలో ఎవరి చెయ్యో తగిలి 'మళ్లీ ప్రయత్నించు' అన్న మీట నొక్కుకుంది. ధీరవర్మ లేచి నిలబడ్డాడు. చనిపోయిన రోగి తిరిగి రావడం ఆసుపత్రి చరిత్రలో లేదు కనుక కొత్త రోగిగా రాసుకున్నారు. సర్జను ఆడాడు, ధీరవర్మ పోయాడు. మత్తు డాక్టరు ఆడాడు, ఇంకా తొందరగా పోయాడు. చెవి ముక్కు గొంతు డాక్టరు మొసలిని తప్పించాడు గానీ కోటగోడ మీదనుంచి పడేశాడు. మరణాలు ఒకరోజుకు మించి ఒకరోజు పెరిగాయి. సమీక్షలు చేసేవాళ్లకు బతికున్న రోగులను చూసే తీరిక లేకపోయింది.

రాజధానినుంచి వీడియో కాన్ఫరెన్సులో ఒక పెద్ద అధికారి గర్జించాడు. "మీ జిల్లాలో ఒకే వయసు మగవారు, ఒకే దుస్తుల్లో, ఒకే కారణంతో పోతున్నారు. ఇది అంటువ్యాధి లక్షణం. తక్షణ నివారణ చర్యలు చేపట్టి నివేదిక సమర్పించండి." మర్నాడు పారిశుద్ధ్యం వాళ్లు వచ్చి ఆసుపత్రి చుట్టూ ఉన్న కాలువల్లో మొసళ్లకోసం వెతికారు. దొరకలేదు. ఊరికే పోవడం ఎందుకని బ్లీచింగ్ పౌడరు చల్లి వెళ్లారు.

సమీక్షలో చివరికి అసలు లోపం బయటపడింది. కనిపెట్టింది పేర్రాజే.

"సర్, సదరు ధీరవర్మ ప్రతిసారీ వైద్యం అందకుండానే మరణిస్తున్నాడు. కారణం, మనం అతన్ని వార్డులో చేర్చుకోలేదు. చేర్చుకుంటే పరిశీలనలో ఉంటాడు. పరిశీలనలో ఉన్న రోగిని ఎవరూ కందకంలో దింపరు."

భుజంగరావు ముఖం వెలిగింది. వెంటనే కేసు షీటు రాయించాడు. టీవీకి కరెంటు కావాలి కనుక మంచం పక్కన ప్లగ్ పాయింటు పనిచెయ్యాలి. వార్డులన్నీ గాలిస్తే పనిచేసే ప్లగ్ ఒక్కటే దొరికింది, అది నూకరత్నం మంచం దగ్గరిది.

ఆ సాయంత్రమే ఆమెను డిశ్చార్జి చేశారు. కాగితంమీద 'నడవలేదు. ఇంటివద్ద విశ్రాంతి' అని రాశారు.

"నన్ను పంపేత్తన్నారేంటండి రాణమ్మగారూ? ఇప్పుడు నేనెక్కడికెల్తానండి? కాలు ఇంకా నాది కాలేదు కదండీ" అని నూకరత్నం ఎస్తేరు చెయ్యి పట్టుకుంది. ఎస్తేరు కళ్లనీళ్లు పెట్టుకుంది.  తను సరదాగా ఆడుకున్న గేమే ఈమెను రోడ్డుమీద పడేసింది. ఆటోకు డబ్బిచ్చి పంపడం తప్ప ఆ పూట ఏమీ చెయ్యలేకపోయింది.

ధీరవర్మ టీవీతో సహా మంచం ఎక్కాడు. అది ఆడవాళ్ల వార్డు కావడంతో మర్యాదకోసం చుట్టూ గుడ్డ తెర కట్టారు. డాక్టర్లు పూర్తి విశ్రాంతి రాశారు. మీటలను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎవరూ కదపకపోవడంతో ధీరవర్మ మొదటి వాకిలి ముందు కత్తి పట్టుకుని ఊపిరి పీలుస్తూ, వదులుతూ నిలబడ్డాడు. నర్సులు పూటపూటా వచ్చి 'ఊపిరి సక్రమం' అని రాసి వెళ్లారు. మరణాలు ఆగాయి. పెద్ద అధికారి అభినందించాడు.

రోగికి పూర్తి విశ్రాంతి గనక ఏడో వాకిలి దాటే షరతు వాయిదా పడింది. ఇక మూల సామగ్రి క్షేమంగా ఉంది కాబట్టి ఆల్బమ్ మంజూరైంది. అది చేతికి రాగానే ఎస్తేరు ఎగిరి గంతేసింది. పేర్రాజు ఆ గంతును మధ్యలోనే ఆపాడు.

"ఇది ధీరవర్మ పేర విడుదలైన సామగ్రి మేడమ్. ఆయన మంచం దగ్గరే వినిపించాలి. అన్యులకు బదలాయించరాదు."

కాబట్టి పొద్దునా సాయంత్రమూ డోలు, ఫిడేలు ధీరవర్మ చెవిలో మోగాయి. అతను కదలలేదు. ఆ పాటకు కదిలే కాలు ఊరి చివర పాకలో ఉంది. రెండు రోజులు ఎస్తేరుకు అన్నం సయించలేదు. మూడోనాడు వార్డు గోడమీద ఒక బోర్డు చూసింది. 'ప్రతి రోగికి సహాయకులు ఒకరు తప్పనిసరి.' దాన్ని ఆమె రోజూ చూస్తూనే ఉంది, చదవడం మాత్రం అదే మొదలు. నేరుగా స్టోర్స్‌కు వెళ్లింది.

"పేర్రాజుగారూ, ధీరవర్మకు సహాయకులెవరండీ?"

పేర్రాజు ఉలిక్కిపడ్డాడు. ఇన్నాళ్లూ ఇంత పెద్ద లోపం తన కంట పడనందుకు ఆయన నిజంగానే బాధపడ్డాడు. మర్నాడే ఎస్తేరు కబురందుకుని ఆటోలో నూకరత్నం దిగింది.

"రోగికి మీరేమవుతారు?" అని అడిగాడు పేర్రాజు.

"మేనత్తనండి."

"ఆధారం?"

"ఆడి మొకం సూడండి, అచ్చం మా అన్నయ్యే! ఆ ముక్కు సూడండి!"

పేర్రాజు టీవీ తెరలోకి వంగి ధీరవర్మ ముక్కు చూశాడు, తరువాత నూకరత్నం ముక్కు చూశాడు. "పోలిక కలదు" అని రాసుకున్నాడు.

ఎస్తేరు కేసు షీటులో తన వంతు రాసింది. రోగికి పూర్తి విశ్రాంతి అవసరమైనందున, రోగి చేయవలసిన నడక వ్యాయామాన్ని సంగీతంతో సహా సహాయకురాలు రోగి కళ్లెదుట చేసి చూపవలెను. భుజంగరావు అది చదివి తల పంకించి, "బాగుంది, దీన్ని దర్శన చికిత్స అనవచ్చు" అని సంతకం పెట్టాడు.

డోలు మొదలైంది. ఈసారి ఎస్తేరు రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. నూకరత్నం ఎడమ కాలు లేచింది, ముందుకు పడింది. మళ్లీ లేచింది. మొదట మంచం చుట్టూ, తరువాత వార్డు సగం దాకా, ఇంకో వారానికి కిటికీ దాకా వెళ్లింది. పడింది, తిట్టుకుంది, లేచింది. ఒకరోజు ఎస్తేరు చేతులు వదిలేసినట్టు కూడా తెలియకుండా కిటికీ దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసుకుంది.  ఎస్తేరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నూకరత్నం అలాగే నడుచుకుంటూ టీవీ దగ్గరికి వచ్చి, "సూసేవేంట్రా అల్లుడా? అలాగ నడవాల. ఊరికే కత్తట్టుకుని నిలబడితే అవ్వదు" అంది. తరువాత పాట ఆపేసి కూడా నడిచింది. కాలు ఆమెదైంది.

ఆసుపత్రి రికార్డుల్లో ధీరవర్మకు నయమైంది. మేనత్త చూపించిన వ్యాయామమంతా అతని ఖాతాలో పడింది. 'నిలబడగలడు, నడవగలడు' అని ధ్రువపత్రమిచ్చి అతన్ని డిశ్చార్జి చేశారు. అన్నిసార్లు చనిపోయిన రోగిని నడిపించిన ఏకైక ఆసుపత్రిగా జిల్లాకు పురస్కారం కూడా వచ్చింది.

కేటాయింపు రోజున నూకరత్నం మార్కెట్ కమిటీ ఆఫీసుకు నడిచి వెళ్లింది. ఎస్తేరు సెలవుపెట్టి వెంట వెళ్లింది. వరసలో పొద్దుటినుంచి నిలబడి, వంతు వచ్చాక మెట్లెక్కి అధికారి బల్ల ముందుకు వెళ్లి నిలబడింది. అధికారి ఫైలు తెరిచి, అందులో ఆసుపత్రినుంచి వచ్చిన డిశ్చార్జి కాగితం నకలు చూశాడు.

"అమ్మా, మీరు నడవలేరని జిల్లా ఆసుపత్రి ధ్రువీకరించింది."

"నడిచే ఒచ్చేనండి, బాబూ."

"అది మీ అభిప్రాయం. వైద్యుల అభిప్రాయం ఇక్కడుంది."

"సర్, మీరు కళ్లతో చూస్తున్నారు కదా!" ఎస్తేరు గొంతు లేచింది.

"చూడడానికి నేను డాక్టరును కాను మేడమ్. నడవగలరన్న పత్రం ఉంటే చూపండి."

ఎస్తేరు అక్కడినుంచే పేర్రాజుకు ఫోన్ చేసింది. డిశ్చార్జి అయిన కేసును తిరిగి తెరవడం కుదరదని, ఆ వార్డునుంచి నడిచి వెళ్లినట్టు రికార్డుల్లో ఉన్నది ధీరవర్మ ఒక్కడేనని, కావాలంటే ఆ పత్రం నకలు పంపగలనని చెప్పాడు. ఆమె ఫోన్‌కు పంపాడు కూడా. ఎస్తేరు కోపంకొద్దీ దాన్ని అధికారి ముఖం ముందు పెట్టింది. అధికారి శ్రద్ధగా చదివాడు. ఆయన ముఖంలో మొదటిసారి ప్రసన్నత కనిపించింది.

"ఇదిగో, ఇలా ఉండాలి పత్రం. అభ్యర్థి నిలబడగలడు, నడవగలడు. వీరు రారా?"

"ఆడు రాలేడండి. మేనత్తని నేనున్నాను కదండీ" అంది నూకరత్నం, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

కొట్టు ధీరవర్మకు కేటాయించారు. అతని తరఫున అమ్మకాలు జరపడానికి సహాయకురాలికి అనుమతి ఇచ్చారు. వారం తిరిగేసరికి కొట్టు మీద నీలం రంగు బోర్డు వెలిసింది. 'ధీరవర్మ చేపల కొట్టు.'

ఎస్తేరు ఆదివారం పొద్దున అక్కడికి వెళ్లింది. బోర్డు చూసేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. "నూకరత్నమ్మా, నువ్వు నడిచావని ఈ ప్రపంచంలో ఒక్క కాగితంలోనూ లేదు. నాకు ఎంత ఉక్రోషంగా ఉందో తెలుసా? కోర్టుకెళ్దాం పద."

నూకరత్నం వంజరం చేపను బల్లమీద పెట్టి కత్తి తుడుచుకుంది.

"పేరు ఆడిదే ఉండనియ్యండి రాణమ్మగారూ. కాలు నాది కదండీ. ఇగురుకి ముక్కలు కొట్టనా, పులుసుకా?"

ఎస్తేరు జవాబు చెప్పేలోగా ఐసు అయిపోయిందని పక్క కొట్టువాడు కేకేశాడు. నూకరత్నం బుట్ట తీసుకుని, తడి నేలమీద, దేన్నీ పట్టుకోకుండా, మార్కెట్టు ఆ చివరిదాకా నడిచి వెళ్లి ఐసు తెచ్చుకుంది.